నల్లగుండు దగ్గరి ఎండాకాలం రేవు

నేను కోస్గి దిక్కు పిల్లను. మా ఊళ్లో నీళ్లంటే బావిలో నీళ్లు, లేదా గట్టి వాన పడితే వాగులో నాలుగు రోజులు పారే నీళ్లు. పదిహేడేళ్లకు పెండ్లయి, కృష్ణ ఒడ్డున ఉన్న అత్తగారి ఊరికి వచ్చాను. హైదరాబాదు రాజ్యం పోయి ఐదారేళ్లయిన రోజులవి. వానాకాలం చివర బండి దిగి ఊరి వెనక ఉన్న ఏటిని మొదటిసారి చూసినప్పుడు నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. అవతలి ఒడ్డు మనుషులు చీమల్లా ఉన్నారు. ఆ ఏటిని దాటి మనుషులు రోజూ పోయివస్తారని మా అత్త చెబితే నమ్మలేదు.

మా ఇంట్లో రెండు మగ్గాలు. ఒకదాని మీద మా ఇంటాయన, ఇంకోదాని మీద అత్త నేసేవారు. వచ్చిన ఆరు నెలలకు అత్త తన మగ్గం నాకిచ్చి తను నూలు తోడుకునే పనిలోకి దిగింది. నేసిన చీరలను ఏరు దాటించాలి. అవతలి ఒడ్డున బండి ఎక్కి గద్వాల పోయి షావుకారుకు ఇవ్వాలి. మళ్లీ నూలు కట్టలు తీసుకుని అదే దారిన ఇంటికి రావాలి. కాబట్టి మాకు ఏరు అంటే బజారుకు పోయే బాటే.

ఆ బాట మీద బండి పుట్టి. వెదురు బద్దలతో అల్లిన పెద్ద గుండ్రటి గంప అది. అడుగు నుంచి గోనెపట్టా చుట్టి డాంబరు పూస్తారు. పదిమంది దాకా ఎక్కొచ్చు. లోతు తక్కువ ఉన్నచోట పొడుగాటి గడతో నెడతారు, లోతులో తెడ్డు వేస్తారు. మా ఊళ్లో ఒక్కటే పుట్టి, దాన్ని నడిపేది ఒక్కడే మనిషి. అతని భార్య దగ్గరే ఉండి రేవు పనులు చూసేది. వాళ్లకు పిల్లల్లేరు.

వానాకాలంలో రేవు బాధ లేదు. ఊరి నుంచి రాతి మెట్లు దిగితే నీళ్లు అక్కడే ఉండేవి. ఎండలు ముదిరితే మాత్రం ఏరు వెనక్కి వెనక్కి పోయేది. మెట్లు ఎక్కడో పైన ఉండిపోయేవి. మెట్లకూ నీళ్లకూ నడుమ వంద అడుగులకు తక్కువ లేకుండా ఒండ్రు. కాలు పెడితే మోకాలు దాకా దిగేది. అందుకే ఏటా హోళీ పోయినంక ఎండాకాలం రేవు కట్టేవారు. ఆ బురద మీదుగా రాళ్లు పరిచి, కొమ్మలు వేసి, నీళ్ల అంచు దాకా బాట వేసేవారు. పుట్టి మనిషి వేసేవాడు, భార్య రాళ్లు మోసేది. ఊళ్లో మిగతావాళ్లు దాని మీద నడిచేవారు, అంతే.

నేను వచ్చిన మొదటి ఎండాకాలంలోనే ఆ బాట మీద పడ్డాను. నేను నేసిన మొదటి చీర, ఎర్రటి చీరకు పచ్చ అంచు, మూటలో కట్టుకుని మా ఇంటాయన వెనక నడుస్తున్నాను. రాళ్ల మీద చూపు పెట్టమని అతను చెబుతూనే ఉన్నాడు. నా చూపంతా ముందున్న నీళ్ల మీదే ఉంది. కాలు రాయి మీద పడలేదు. నేను ఒండ్రులో, మూట నా కింద. ఇంటికొచ్చి విప్పితే ఎరుపు పచ్చలోకి దిగింది. ఏడ్చాను. అత్త ఆ చీరను మూడుసార్లు ఉతికి ఆరేసి, మడత పెట్టి నా చేతిలో పెట్టింది.

"ఊరందరికి నేస్తం. మనింట్ల మనం నేసిన చీరె ఒక్కటన్న ఉండె? కట్టుకో."

చీర కట్టుకున్నాను కానీ, ఏటి దిక్కు పోవడం మానేశాను. మా ఇంటాయనే చీరలు తీసుకుపోయేవాడు.

ఆ మరుసటి వానాకాలంలో పుట్టి మనిషికి జ్వరం వచ్చింది. తొమ్మిది రోజులు పడుకుని పదో రోజు చనిపోయాడు. దినాలైపోయాక అతని భార్య ఏం చేస్తుందోనని ఊరంతా చూసింది. పుట్టింటికి పోతుందన్నారు కొందరు. ఆమె పోలేదు. ఒకరోజు పొద్దున కొంగు నడుముకు చుట్టి, గడ భుజాన వేసుకుని రేవుకు దిగింది. ఆరోజు ఏరు దాటాల్సిన వాళ్లు నలుగురో ఐదుగురో ఉన్నారు. ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని, వేరే దారి లేక ఎక్కారు. ఆమె అందరినీ దాటించింది. ఇరవై ఏళ్లు మొగుడి పక్కన తెడ్డు వేసిన మనిషి, ఆమెకు రానిదేముంది? చలికాలమంతా అలాగే నడిచింది.

ఎండలు మొదలయ్యేసరికి ఊళ్లో గుసగుసలు పెరిగాయి. హోళీ మర్నాడు పటేలు ఇంటి అరుగు మీద నలుగురూ కూర్చున్నారు. మా ఇంటాయన పోయి విని వచ్చి చెప్పాడు. ఎండాకాలం పెండ్లిండ్ల కాలం. పెండ్లిపిల్లను, పెండ్లిపిల్లగాణ్ణి మొగుడు పోయినామె నడిపే పుట్టిలో ఎలా ఎక్కిస్తామని పటేలు అన్నాడట. కింది ఊళ్లో ఉన్న ఇంకో పుట్టి మనిషికి కబురు పెడదాం, అతనొచ్చి రేవు కట్టుకుంటాడు, అందాకా ఆగుదాం అని తీర్మానం చేశారు.

మా అత్త ఆ మాట విని నేరుగా పుట్టి నడిపే ఆమె గుడిసెకు పోయింది. నేనూ వెంట పోయాను. ఆమె గుమ్మంలో కూర్చుని గడ చివర ఇనుప పొన్ను బిగిస్తోంది. అత్త చెప్పిందంతా విని తల ఎత్తకుండానే అంది:

"వాల్లు పిలిచేదాక, గాయన వచ్చేదాక ఏరు ఆగుతదా అక్కా? నీల్లు రోజు ఇంత దిగుతున్నయి. ఇయ్యాల కాకుంటె రేవు పడదు."

"మరి ఒక్కదానివి ఎట్ల జేస్తవే?"

"చేసినంత చేస్త. నా మొగుడు ఉన్నప్పుడు గూడ రాల్లు మోసింది నేనే గదా."

అత్త నా దిక్కు చూసింది. "మా పిల్లను తోలుకపో. మగ్గం నాలుగు దినాలు నేను సూస్కుంట."

ఇంటికి పోతూ దారిలో అడిగాను: "అత్తా, నాకు నీల్లంటె బయమని తెలుసు గదా?"

"తెలుసు. అందుకనే తోలిన," అంది అత్త.

మర్నాడు పొద్దున్నే పుట్టి ఆమెతో ఏటికి దిగాను. అప్పటి నుంచి ఆమెను అక్కా అని పిలిచేదాన్ని. మొదట మెట్ల కింద ఒండ్రులోకి గడను గుచ్చింది. గడ నడుము లోతు దాకా మెత్తగా దిగిపోయింది.

"సూసినవా? పోయినేడు వరద మొత్తం ఈడ తెచ్చి పోసింది. ఈడ ఎన్ని రాల్లేసినా మింగుతది."

ఏటి వెంట కిందికి నడుస్తూ పది అడుగులకోసారి గుచ్చుకుంటూ పోయింది. మెట్లకు దిగువన నీళ్ల పక్కన పెద్ద నల్లటి గుండు ఒకటి ఉంది. దాని దగ్గర గుచ్చితే నాలుగు వేళ్ల లోతు దిగి టక్కున ఆగింది. మళ్లీ పక్కన గుచ్చింది. మళ్లీ టక్కు. గడను నాకిచ్చింది.

"నువ్వు గుచ్చు."

గుచ్చాను. చేతుల్లోకి రాయి తగిలిన ఝల్లుమనే అదురు వచ్చింది. ఆ నీళ్ల కింద గట్టి నేల ఒకటి ఉందని నా చేతులకు తెలిసిన మొదటి క్షణం అది. నేనెందుకో నవ్వాను. అక్క కూడా నవ్వింది. మొగుడు పోయాక ఆమె నవ్వడం నేను చూడటం అదే మొదలు.

రేవు అక్కడే కట్టాలని నిర్ణయించింది. చిక్కు ఏమిటంటే అక్కడ ఒడ్డు నిటారుగా ఉంది, మెట్లు లేవు. ఒడ్డును గడ్డపారతో తవ్వి వాలుగా బాట తీయాలి. తర్వాత ఇరవై అడుగుల మెత్తటి జాగా దాటాలి. ఆ తర్వాత బండే.

మొదటి రెండు రోజులు ఇద్దరమే తవ్వాము. చేతులు బొబ్బలెక్కాయి. మగ్గం మీద కూర్చునే దానికి గడ్డపార పట్టడం ఏం తెలుసు? అక్క చూపించింది. ఎత్తి కొట్టడం కాదు, గడ్డపారను దాని బరువుతో దాన్నే పడనివ్వాలి, మనం తోవ మాత్రం చూపాలి. మూడో రోజు మా వీధిలో నేసేవాళ్ల ఆడవాళ్లు ముగ్గురు గంపలు తీసుకుని వచ్చారు. ఎవరూ పిలవలేదు. వాళ్లకూ గద్వాల పోవాల్సిన చీరలున్నాయి. అందులో ఒకామె, "పటేలు తీర్మానం ఏరు దాటిస్తదా మా చీరెలను?" అంటూ గంప దింపింది. అందరం నవ్వాము.

మెత్తటి జాగాలో తుమ్మ గుంజలను రెండు వరసలుగా పాతాము. నడుమ వావిలి కొమ్మలు మందంగా పరిచాము. వాటి మీద రాళ్లు. రాళ్లను ఒడ్డు మీద నుంచి ఒకళ్ల చేతిలోంచి ఒకళ్లకు అందించుకున్నాము. కొమ్మల మీద రాయి పడినప్పుడల్లా కింద బురద బుడబుడమని గాలి వదిలేది. అక్క చెవి ఒగ్గి వినేది. ఆ చప్పుడు ఆగేదాకా రాళ్లు వేయించేది. ఆగితే, "ఇగ చాలు, తిన్నది," అనేది.

నీళ్ల అంచున పుట్టి ఆగే చోట, ఎక్కేవాళ్లు గెంతకుండా నడిచి ఎక్కేలా ఒక చదును బండను వేయాలని ఆమె ఆలోచన. అలాంటి బండ ఇంతకు ముందు ఎప్పుడూ వేయలేదట. ముసలివాళ్లను ఎవరో ఒకరు ఎత్తుకుని ఎక్కించేవారు. ఆ బండను దొర్లించడానికి మా ఇంటాయన, ఇంకో ఇద్దరు మగవాళ్లు వచ్చారు. మా ఇంటాయన అప్పటికే సాయంత్రాలు పుట్టి పని చూస్తున్నాడు. పుట్టిని ఒడ్డున బోర్లించి, చిరిగిన గోనెపట్టా ముక్కలను తీసి, కొత్తవి వేసి కుట్టేవాడు. నేతగాడి కుట్టు కదా, ఒక పోగు కూడా వదులు లేకుండా కుట్టాడు. రోడ్డు పని జరిగే చోట మిగిలిన డాంబరును డబ్బాలో అడిగి తెచ్చి, కాచి పూశాడు. రెండు రోజులు ఎండలో ఆరింది.

నేను ఒక్క మాట అడిగాను. "అక్కా, బాట పక్కన పట్టుకోను ఏమన్న ఉండాలె. నేను పడ్డది పట్టు లేకనే."

అక్క చేయి ఆపి నన్ను చూసింది. "ఇరవై ఏండ్ల నుంచి కడుతున్న, నాకు తోయలే. పడ్డదానికే తెలుస్తది యాడ పట్టు కావాల్నో."

మగ్గం మీద చీర కోసాక మిగిలే పోగుల చివర్లు ప్రతి నేత ఇంట్లోనూ మూట కట్టి ఉంటాయి. నేను నాలుగిండ్లు తిరిగి అవన్నీ తెచ్చాను. అత్తా నేనూ కూర్చుని పేని, మూడు పేటలు కలిపి మణికట్టంత లావు తాడు చేశాము. ఎరుపు, పచ్చ, పసుపు, అన్ని రంగులూ కలిసిన తాడు. గుంజ నుంచి గుంజకు కట్టాము.

ఆరో రోజు పటేలు వచ్చాడు. తవ్విన బాట పైన నిలబడి కిందికి చూశాడు. మేమంతా కొంగులు సర్దుకున్నాము.

"రేవు మెట్ల కింద గదా ఉండేది? మా తాత నాటి నుంచి గక్కడనే. గీడ ఎవరు పెట్టమన్నరు?"

అక్క గడ తీసుకుని పైకెక్కి అతని చేతికిచ్చింది. "పటేలా, మీరే సూడుండ్రి. గక్కడ గుచ్చుండ్రి, గిక్కడ గుచ్చుండ్రి."

పటేలు చెప్పులు విడిచి మెట్ల దిక్కు పోయాడు. గుచ్చాడు. గడ దిగిపోయింది, లాగడానికి కష్టపడ్డాడు. మళ్లీ మా దగ్గరికి వచ్చి నల్లగుండు పక్కన గుచ్చాడు. టక్కు వినపడింది. గడను గుంజకు ఆనించి వెళ్లిపోయాడు. మర్నాడు రెండు బండ్ల మొరం వచ్చి ఒడ్డు మీద పడింది. బండివాడు పటేలు పంపాడన్నాడు.

"మొరం పంపిండు గాని మాట పంపలే," అంది మా అత్త. ఆ ఎర్ర మొరాన్ని రాళ్ల సందుల్లో నింపి కాళ్లతో తొక్కాము. ఉగాదికి రెండు రోజుల ముందు రేవు పూర్తయింది. కింది ఊరి పుట్టి మనిషి, తన రేవు పనే తనకు తెమలడం లేదని కబురు పంపాడు.

మామూలు రోజుల్లో అందరూ కొత్త రేవు మీద నడిచారు. తాడు పట్టుకుని దిగే ముసలివాళ్లను చూస్తే నాకు చెప్పలేనంత సంతోషమయ్యేది. అసలు చిక్కు ఇంకా ముందుంది. వైశాఖంలో మా ఊరి పిల్లగాడికి పెండ్లి కుదిరింది. పిల్లది అవతలి ఒడ్డు. ఆచారం ప్రకారం పెండ్లిపిల్లనూ, వాళ్ల వాళ్లనూ ముందురోజు మధ్యాహ్నం పుట్టిలో తేవాలి.

ఆరోజు అక్క గుడిసెలోనే కూర్చుంది. "నేను రాను. ఎవరన్న మగోల్లు నడుపుండ్రి," అంది. గడ పట్టిన మగవాడు ఊళ్లో ఎవరూ లేరు. మా అత్త లోపలికి పోయి గడను తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. తర్వాత నా దిక్కు తిరిగింది.

"నువ్వు ముంగట కూసో. కొత్త చీరె గట్టి, బొట్టు పెట్టుకొని కూసో. పెండ్లోల్లకు ముంగట నీ మొకం కనవడ్తది. యెనక గడ పట్టిన చేతులను ఎవరు సూస్తరు?"

అప్పటిదాకా నేను పుట్టి ఎక్కనే లేదు. రేవు కట్టాను కానీ, నీళ్ల మీదికి పోలేదు. కాదంటే అక్క పోదు. ఎక్కాను. పుట్టి కదలగానే గిర్రున సగం తిరిగింది. కళ్లు మూసుకున్నాను.

"కండ్లు తెరువు. అవతలి ఒడ్డు సూడు, నీల్లను సూడకు," అంది అక్క వెనక నుంచి.

అవతలి ఒడ్డు మెల్లగా దగ్గరికి వచ్చింది. మనుషులు మనుషులంత అయ్యారు. అక్కడంతా బండ, రేవు కట్టాల్సిన పని లేదు. పెండ్లివాళ్లు పదిహేను మంది దాకా ఉన్నారు. పసుపు బట్టల్లో పిల్ల, పక్కన ఆమె తండ్రి, వాళ్ల అవ్వ. తండ్రి మొదట నన్ను చూసి నవ్వాడు. తర్వాత వెనకున్న ఆమెను చూశాడు. నవ్వు ఆగింది. పక్కవాళ్లతో ఏదో గొణిగాడు. కింది ఊరి పుట్టి తెప్పిద్దామా, రేపు పొద్దున దాకా ఆగుదామా అని మాటలు మొదలయ్యాయి. అక్క గడ మీద చేయి ఆనించి నీళ్లలోకి చూస్తూ నిలబడింది.

అప్పుడు పిల్ల అవ్వ ముందుకు వచ్చింది. నోట్లో నాలుగు పళ్లు కూడా ఉన్నాయో లేవో, గొంతు మాత్రం గట్టిది.

"ఏంరా, ఏం సూస్తున్నవ్? నేను గూడ ముండమోపినే గదా. నా మనుమరాలికి నలుగు పెట్టింది ఎవరు? పొద్దున దానికి బువ్వ తినవెట్టింది ఎవరు? గప్పుడు రాని దోషం గిప్పుడు ఈమెతోని వస్తదా?"

పిల్ల తండ్రి "గది కాదవ్వా..." అన్నాడు.

అవ్వ కొడుకు కోసం ఆగలేదు. అక్క వైపు చేయి చాచింది. "ఏయ్ బిడ్డా, జర చెయ్యియ్యి. కాళ్లల్ల బలం లేదు."

అక్క గడ నాకు అందించి వచ్చి, అవ్వను రెండు చేతులా పట్టి పుట్టిలోకి దించింది. ఆమె వెనకే పిల్ల ఎవరినీ అడగకుండా ఎక్కి అవ్వ పక్కన కూర్చుంది. తర్వాత తండ్రి. ఎక్కినంత మంది ఎక్కారు, మిగతావాళ్లను రెండో తడవలో తెచ్చాము.

దాటుతున్నంత సేపూ అవ్వ మాట్లాడుతూనే ఉంది. మా రేవు దగ్గరికి వచ్చి పుట్టి చదును బండకు తగిలి ఆగింది. ఎవరూ ఎత్తుకోకుండానే అవ్వ బండ మీద కాలు పెట్టి, తాడు పట్టుకుని, ఒక్కో అడుగు వేస్తూ పైకి నడిచింది. ఒడ్డు మీద పెండ్లివారిని ఎదురుకోవడానికి పటేలు కూడా వచ్చి ఉన్నాడు. అవ్వ తాడును చేత్తో సవరించి, "ఇదెవరు పేనిండ్రు? మంచిగున్నది," అంది. పటేలు అక్కను చూపించి, "మా రేవు గామెనే కట్టింది," అన్నాడు. ఆ మాట అనడానికి అతనికి ఎంత కష్టమైందో నాకు తెలియదు. అన్నాడు. అక్క విననట్టే రెండో తడవకు పుట్టి తిప్పింది, కానీ ఆమె చెంపల మీద నీళ్లు నేను చూశాను.

ఆ ఎండాకాలం మా ఊరి రేవు మీద ఏడు పెండ్లిండ్లు దాటాయి. మొదటి రెండింటికి నేను ముందు కూర్చున్నాను. మూడో దానికి ఎవరూ పిలవలేదు, అవసరం లేకపోయింది. నేను చీరల మూటతో మా ఇంటాయన వెంట గద్వాల పోవడం మొదలుపెట్టాను. లోతు తక్కువ ఉన్నచోట అక్క అప్పుడప్పుడు గడ నాకిచ్చేది. పుట్టిని సూటిగా నడపడం నాకు చివరిదాకా పూర్తిగా రాలేదు, కొంచెం తిరుగుతూనే పోయేది.

మృగశిర కార్తె దగ్గరపడి పైన మబ్బులు కనిపించగానే అక్క మమ్మల్ని పిలిచింది. వరద వచ్చేలోపు గుంజలు పీకేయాలి, తాడు విప్పేయాలి. రాళ్లను, కొమ్మలను ఏటికి వదిలేస్తాము, అవి మళ్లీ దొరుకుతాయి. అప్పటికి నాకు ఐదో నెల. బరువు ఎత్తనివ్వలేదు, తాడు చుట్టే పని ఇచ్చారు. అక్క ఒక్కో గుంజను అటూ ఇటూ ఊపి వదులు చేసి లాగుతోంది.

"వచ్చేయేడు గిక్కడనే కడదమా అక్కా?" అన్నాను.

"ఏరు యాడ మిగిలిస్తదో గాడ. మల్ల గడ పట్టుకొని ఎతుకుదం." గుంజను భుజానికెత్తుకుంటూ నా కడుపు వైపు చూసింది. "గీ పిల్లను వావిలి చెట్టు నీడకు ఉయ్యాల గట్టి పండవెట్టు. నువ్వు మాత్రం పనికి రావాలె."

గుంజలన్నీ ఆమె గుడిసె వెనక పేర్చాము. తాడును మా ఇంటి అటక మీద పెట్టాము. నాలుగో రోజున ఎర్ర నీళ్లు వచ్చి నల్లగుండును ముంచేశాయి. ఆ పొద్దున అక్క, నీళ్లు మళ్లీ చేరిన పాత మెట్ల దగ్గర పుట్టి తిప్పి, ఎక్కేవాళ్ల కోసం కేక వేసింది.